పిల్లల ఐసీయూకి మార్చారని భయపడుతున్న చెల్లికి

జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సు చేసి రెండేళ్ళు పెద్దవాళ్ళ మెడికల్ వార్డులో పనిచేశాను, వచ్చే నెల నుంచి పిల్లల ఐసీయూ, దాంతోపాటు ఆపరేషన్ అయ్యాక ఉంచే రికవరీ రూమ్ చూసుకోమంటున్నారు, పిల్లలు ఏడుస్తుంటే నాకు చేతులు వణుకుతాయి, ఒప్పుకోవాలా లేక వేరే హాస్పిటల్ చూసుకోవాలా అని కదా నువ్వు అడిగింది. ఒప్పుకో చెల్లీ. నేను ఈ విశాఖలోనే 17 ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, ముందు నాలుగేళ్ళు రికవరీలో, తర్వాతంతా పిల్లల ఐసీయూలో (పీఐసీయూ). నేనూ పెద్దల వార్డు నుంచే వచ్చాను. మొదటి మూడు నెలలు నాకూ చేతులు వణికాయి. ఆ వణుకు పోతుంది. పోకూడని భయం ఇంకొకటి ఉంది, దాని గురించి మొదటిరోజు ఎవరూ చెప్పరు కాబట్టి వివరంగా రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

ఏడ్చే పిల్లల గురించి అంత టెన్షన్ పడకు. గొంతు చించుకుని ఏడుస్తోందంటే గాలి బాగా ఆడుతోంది, ఒంట్లో సత్తువ ఉంది, నొప్పి తెలుస్తోంది, పక్కనున్నది అమ్మ కాదని కూడా తెలుస్తోంది. సెలైన్ ఎక్కించే సూది గొట్టం, అదే క్యాన్యులా, వేయబోతే కాలితో తన్ని, పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు కావాల్సొచ్చిన పిల్లాణ్ని చూస్తే మాకు ధైర్యంగా ఉంటుంది. సూది దిగినా చెయ్యి వెనక్కి లాక్కోని పిల్లాడు, అమ్మ చంకలోంచి దించి మంచం మీద పడుకోబెట్టినా సణగని పిల్లాడు, కళ్ళు తెరిచే ఉన్నా మన ముఖం వైపు చూపు నిలపని పిల్లాడు కనిపిస్తే చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి డాక్టర్‌ని పిలువు. డ్యూటీలోకి వెళ్ళగానే చప్పుడు లేని బెడ్డు దగ్గరికి ముందు వెళ్ళు. నేను ఇప్పటికీ అలాగే మొదలుపెడతాను.

ఎందుకో చెప్తాను. పెద్దవాళ్ళ వార్డులో బీపీ పడితే పరిగెత్తడం నీకు అలవాటై ఉంటుంది, ఆ అలవాటుని నమ్ముకుంటే ఇక్కడ ఆలస్యమైపోతుంది. పిల్లల ఒంట్లో నీరు తగ్గినా, రక్తం పోయినా గుండె వేగం పెంచుకుని, రక్తనాళాలు బిగపట్టుకుని బీపీని చివరిదాకా నిలబెడతారు. ఒకటి నుంచి పదేళ్ళ లోపు పిల్లలకి పై బీపీ కనీసం ఎంత ఉండాలంటే వయసుని రెండుతో గుణించి 70 కలుపుకో, అంటే ఐదేళ్ళ పిల్లాడికి 80. ఆ 80 కంటే కిందకి పడిందంటే అప్పటికే పరిస్థితి చాలా దూరం వెళ్ళిపోయింది. అందుకే ముందు పాదం ముట్టుకుని చూడటం నేర్చుకో. గోరు మీదో ఛాతీ మధ్య ఎముక మీదో ఐదు సెకన్లు నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలి. వేళ్ళే చల్లగా ఉన్నాయా, చల్లదనం మడమ దాటిందా, మోకాలిదాకా ఎక్కిందా అని నీ చేత్తో నువ్వే చూసుకో, గంట తర్వాత మళ్ళీ చూడు. మూత్రం కేజీకి గంటకి 1 ఎం.ఎల్. తగ్గకుండా వస్తోందా చూడు. డైపర్ వేసిన పిల్లలైతే పొడి డైపర్ బరువు ముందు రాసుకుని తడిసిన దాన్ని తూచు, పెరిగిన ప్రతి గ్రాము ఒక ఎం.ఎల్. కింద లెక్క.

ఒక డెంగీ పిల్లాడి సంగతి చెప్తాను. విజయనగరం వైపు పల్లె నుంచి తెచ్చారు, ఆరేళ్ళు. నాలుగు రోజులు జ్వరం కాసి ఐదో రోజు తగ్గింది, తండ్రి ఇంటికి తీసుకెళ్ళిపోతామని అడుగుతున్నాడు కూడా. నేను సాయంత్రం డ్యూటీలోకి వచ్చేసరికి మానిటర్ మీద బీపీ 100/84, సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 98. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని, "సిస్టరమ్మా, నిన్న జొరంలో కూడా అమ్మా అని పిలిచినోడు, ఇప్పుడు పిలిస్తే పలకనేదు, ఏటో తేడాగున్నాడు" అంది. పాదాలు ముట్టుకుంటే మోకాలిదాకా చల్లగా ఉన్నాయి, నాడి 148. అప్పుడు బీపీ మళ్ళీ చూశాను. పై అంకె 100 అని ఊరుకోడానికి లేదు, కింద అంకెకీ దానికీ తేడా 16 మాత్రమే ఉంది. డెంగీలో ఆ తేడా 20కి వచ్చినా, అంతకంటే తగ్గినా షాక్ కింద లెక్క, అంటే ఒంటికి రక్తం సరిగా అందట్లేదని. జ్వరం తగ్గే ఆ ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో నీరు బయటికి కారిపోతుంది, హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, పెరుగుతుంది. ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకునే సమయమూ, మనం ఒళ్ళంతా కళ్ళు చేసుకోవాల్సిన సమయమూ ఒకటే. డాక్టర్‌గారు వచ్చి ఫ్లూయిడ్స్ మొదలుపెట్టారు, తెల్లవారుజాముకి పిల్లాడు ఇడ్లీ అడిగాడు.

అక్కడ ముందు కనిపెట్టింది నేను కాదు, వాళ్ళమ్మ. తల్లి "తేడాగా ఉన్నాడు" అంటే దాన్ని కేస్ షీట్‌లో రాయి, సమయంతో సహా, డాక్టర్‌కి ఆ మాటే చెప్పు. మన ఊరికి శ్రీకాకుళం నుంచి, పాడేరు, అరకు కొండల నుంచి, ఒడిశా కొరాపుట్, మల్కనగిరి నుంచి కూడా పిల్లల్ని తెస్తారు. కొందరు తల్లులకి తెలుగు సరిగా రాదు, కువి మాట్లాడతారు, లేదా ఆదివాసీ ఒడియా. నువ్వు చెప్పినదానికల్లా తల ఊపుతారు, అర్థమైందని అనుకోకు. ఆయాల్లోనో సెక్యూరిటీలోనో ఆ భాష వచ్చినవాళ్ళు ఒకరుంటారు, వాళ్ళెవరో మొదటి వారంలోనే తెలుసుకో, నీకు స్టెతస్కోప్ ఎంత అవసరమో ఆ మనిషి అంత అవసరం.

ఇక మందుల లెక్క. పెద్దవాళ్ళకి ఒక ఆంప్యూల్, ఒక మాత్ర అని అలవాటు ఉంటుంది, ఇక్కడ ప్రతిదీ బరువుని బట్టే. నాలుగు కేజీల పాప ఒంట్లో మొత్తం రక్తం 320 ఎం.ఎల్. దాకా ఉంటుంది, కేజీకి 80 చొప్పున. అంటే పరీక్షకి తీసే ప్రతి 2 ఎం.ఎల్. కూడా లెక్కే. నేను పిల్లల రికవరీలోకి వచ్చిన రెండో ఏడు జరిగింది చెప్తాను, అప్పుడు పనిచేసిన హాస్పిటల్ పేరు అవసరం లేదు. నెలన్నర పాప, పాలు తాగిన ప్రతిసారీ దూరంగా కక్కుతుంటే పొట్ట కింది ద్వారం బిగుసుకుపోయిందని ఆపరేషన్ చేశారు. బరువు సరిగ్గా 4 కేజీలు. రాత్రి నొప్పికి పారాసిటమాల్ 30 ఎం.జీ. రాశారు. సెలైన్ లాగా ఎక్కించే ఆ బాటిల్‌లో ఒక ఎం.ఎల్.కి 10 ఎం.జీ. ఉంటుంది, అంటే 3 ఎం.ఎల్. ఇవ్వాలి. నేను బ్యూరెట్‌లో, అంటే సెలైన్ సెట్‌కి ఉండే కొలత గీతల గొట్టంలో, 30 ఎం.ఎల్. నింపాను. ఎం.జీ.ని ఎం.ఎల్.గా చదివేశాను, అంతే. చుక్కలు వదిలే రోలర్ మీద వేలు పెట్టాను, తిప్పబోతున్నాను. పక్క బెడ్డు దగ్గరున్న సీనియర్ సిస్టర్ తల తిప్పి బ్యూరెట్ వైపు చూసి, "ఆ పాప బరువెంతమ్మా?" అని మామూలుగానే అడిగారు. నాలుగు అన్నాను. "నాలుగు కేజీలకి అంత నీళ్ళేంటి?" అన్నారు. అప్పుడు చదివాను మళ్ళీ. ఆవిడ కేకలేయలేదు, నా పక్కన నిలబడి ఆ బ్యూరెట్ ఖాళీ చేయించి, మళ్ళీ మొదటినుంచి లెక్క చేయించి, 3 ఎం.ఎల్. సిరంజిలోకి తీయించి, పంపులో పెట్టించి, 15 నిమిషాలు అక్కడే ఉన్నారు. ఆ పాప ఇప్పుడు స్కూల్లో చదువుకుంటూ ఉంటుంది. నేను మాత్రం ఆ గొట్టంలో 30 గీత దగ్గర నిలిచిన నీళ్ళని మర్చిపోలేదు, మర్చిపోవాలని కూడా లేదు.

పోకూడని భయం అన్నది ఇదే. డ్యూటీ తీసుకోగానే బెడ్డు తలవైపు ఒక కార్డు పెట్టు, పైన బరువు పెద్ద అక్షరాల్లో. దాని కింద ఆ పిల్లకి ఎమర్జెన్సీ మందుల లెక్క ముందే చేసి ఉంచు, ఎందుకంటే గుండె ఆగినప్పుడు ఎవరికీ గుణకారం రాదు. అడ్రినలిన్ మన దగ్గర 1 ఎం.ఎల్. ఆంప్యూల్‌లో 1 ఎం.జీ. వస్తుంది, దానికి 9 ఎం.ఎల్. సెలైన్ కలిపి 10 చేశాక కేజీకి 0.1 ఎం.ఎల్., 12 కేజీల పిల్లాడికి 1.2. సెలైన్ లెక్క మొదటి పది కేజీలకి గంటకి కేజీకి 4 ఎం.ఎల్., తర్వాతి పదికి 2, ఆపైన 1, కాబట్టి 14 కేజీలకి గంటకి 48 ఎం.ఎల్. చాలా జబ్బుల్లో డాక్టర్ దీనికంటే తగ్గించి రాస్తారు, అయినా నీకు ఈ లెక్క నోటికి వచ్చి ఉంటే రాసినదాంట్లో పొరపాటు దొర్లినప్పుడు కంటికి తగులుతుంది. సన్న చుక్కలు పడే మైక్రోడ్రిప్ సెట్‌లో 60 చుక్కలు 1 ఎం.ఎల్. కనుక నిమిషానికి ఎన్ని చుక్కలో గంటకి అన్ని ఎం.ఎల్. పడుతుంది. పొటాషియం, మార్ఫిన్, ఇన్సులిన్, హెపారిన్ ఇచ్చేటప్పుడు ఇంకో సిస్టర్ చేత విడిగా లెక్క చేయించు, నీ జవాబు ముందు చెప్పకుండా. చెప్తే ఆవిడ కూడా సరే అనేస్తుంది. పొటాషియం ఎప్పుడూ నేరుగా సిరంజితో తోయకూడదు, అది నీకు తెలుసు, అయినా రాస్తున్నాను.

రికవరీ గురించి చాలామంది తేలిక పని అనుకుంటారు. ఆపరేషన్ అయిపోయింది, పిల్ల నిద్రపోతోంది, ఇంకేముంది అని. నా లెక్కలో మొదటి గంట రికవరీయే ఎక్కువ భయపడాల్సిన చోటు. మత్తు వదిలేటప్పుడు గొంతు బిగుసుకుపోవచ్చు. ఊపిరి ట్యూబ్ తీశాక లోపల వాచి, ఊపిరి పీల్చినప్పుడల్లా గురగుర కాదు, సన్నగా కోత కోసినట్టు చప్పుడు వస్తుంది, ఆ చప్పుడు ఒకసారి వింటే మర్చిపోవు. పిల్లల తల పెద్దది కాబట్టి దిండు పెడితే మెడ ముందుకి వంగి దారి మూసుకుపోతుంది. భుజాల కింద చిన్న టవల్ మడత పెడితే చాలు. పక్కకి తిప్పి పడుకోబెట్టు. ఆపరేషన్ థియేటర్ (ఓటీ) చలిలోంచి వస్తారు, ఒళ్ళు వెచ్చగా ఉంచు. ఆక్సిజన్, నోట్లోని తేమ లాగే సక్షన్, ఆ పిల్ల సైజు మాస్క్‌తో చేత్తో నొక్కి ఊపిరి అందించే యాంబూ బ్యాగ్, ఈ మూడూ పనిచేస్తున్నాయని పిల్ల ఓటీలోంచి బయటికి రాకముందే చూసుకో. పెద్దల్లో ముందు గుండె దెబ్బతిని తర్వాత ఊపిరి ఆగడం ఎక్కువ చూసి ఉంటావు, పిల్లల్లో ఎక్కువగా ఊపిరి ముందు, గుండె తర్వాత. అందుకే ఊపిరి అందించాక కూడా నాడి 60 దాటకుండా, ఒళ్ళు పాలిపోయి ఉంటే నాడి ఉంది కదా అని ఆగకుండా ఛాతీ నొక్కడం మొదలుపెడతాం, ఇద్దరుంటే 15 నొక్కుళ్ళకి 2 ఊపిరులు.

టాన్సిల్స్ తీసిన పిల్ల నిద్రలో మాటిమాటికీ గుటకలు వేస్తోందా చూడు. ముక్కు, నోరు శుభ్రంగానే ఉంటాయి, దిండు మీద ఒక్క చుక్క ఉండదు, కానీ గొంతు దగ్గర ఆ చిన్న ముడి పైకీ కిందకీ, పైకీ కిందకీ కదులుతూనే ఉంటుంది. రక్తం మింగేస్తోందన్నమాట. ఒకసారి ఎనిమిదేళ్ళ అమ్మాయి అలా నిమిషానికి ఆరేడు గుటకలు వేస్తుంటే టార్చి వేసి చూశాం, గొంతు వెనక ఎర్రటి ధార. మళ్ళీ ఓటీకి వెళ్ళి కుట్టు వేశారు, బాగుంది. గుండె ఆపరేషన్ పిల్లల్లో ఇలాంటిదే ఇంకొకటి, ఛాతీలోంచి రక్తం బయటికి తీసే డ్రెయిన్ గొట్టంలో అప్పటిదాకా గంటగంటకీ వస్తున్న రక్తం ఒక్కసారిగా ఆగిపోతే మంచిదని సంతోషించకు, గడ్డకట్టి లోపలే చేరి గుండెని నొక్కేస్తూ ఉండొచ్చు, వెంటనే చెప్పాలి.

నొప్పి విషయంలో నాకు చాలా పట్టింపు. "చిన్నపిల్ల కదా, మర్చిపోతుందిలే" అనే మాట నీ నోట రానీకు. మాటలు రాని పిల్లలకి ముఖం, కాళ్ళు, కదలిక, ఏడుపు, ఓదార్చితే ఊరుకోవడం అని ఐదు చూసి ఒక్కోదానికి 0 నుంచి 2 వేసే స్కేలు ఉంది, ఫ్లాక్ అంటారు, మొత్తం పదికి. అంకె వేసి చెప్తే డాక్టర్ మందు రాస్తారు, "ఏడుస్తోంది సార్" అంటే రాయకపోవచ్చు. మత్తు వదిలేటప్పుడు కొందరు పిల్లలు ఎవర్నీ గుర్తుపట్టకుండా, కళ్ళు ఎక్కడో పెట్టి కొట్టుకుంటారు. అది చాలావరకు అరగంటలో తగ్గుతుంది, తల్లి దగ్గర ఉంటే మంచిది, కానీ అది మత్తు గొడవే అని తేల్చుకునే ముందు సాచురేషన్, నొప్పి, షుగర్ చూడు.

ఆపరేషన్‌కి ముందు ఖాళీ కడుపు గురించి తల్లులతో మాట్లాడటం కూడా నీ పనే. మంచినీళ్ళకి 2 గంటలు, తల్లిపాలకి 4, డబ్బాపాలకీ టిఫిన్‌కీ 6. పిల్ల ఆకలికి ఏడుస్తుంటే ఏ నానమ్మకైనా గుండె ఆగదు, ఒక బిస్కెట్ ముక్క నోట్లో పెట్టేస్తుంది. గద్దించి అడిగితే లేదంటుంది. "ఆకలికి తట్టుకోలేక ఏమైనా పెట్టారా అమ్మా, చెప్తే ఆపరేషన్ కాస్త వెనక్కి జరుపుతాం, అంతే, ఎవరూ ఏమీ అనరు" అని పక్కకి తీసుకెళ్ళి అడుగు. నిజం చెప్తారు. ఆ బిస్కెట్ మత్తులో ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఏమవుతుందో కూడా చెప్పు.

అలాగే మొలతాడు, తాయెత్తు, వెండి మురుగులు. ఓటీలోకి లోహం పనికిరాదు, కరెంటు పరికరంతో కోస్తారు కాబట్టి కాలే ప్రమాదం ఉంది. కానీ కత్తెర తీసుకుని చటుక్కున కత్తిరించకు. సింహాచలం అప్పన్న దగ్గర కట్టించిన దారం అది, పైడితల్లమ్మ మొక్కు అది. వాళ్ళమ్మ చేతే విప్పించు, చిన్న కవర్లో వేసి పేరు రాసి ఆవిడ చేతికే ఇవ్వు, రికవరీలోకి రాగానే తలగడ వైపు పెట్టుకోవచ్చని చెప్పు. ఒక్క నిమిషం పని. ఆ తర్వాత ఆ తల్లి నువ్వు చెప్పిన ప్రతి మాటా వింటుంది.

వెంటిలేటర్ గురించి ఇప్పుడే భయపడకు, మూడు నెలల్లో చెయ్యి తిరుగుతుంది. ఒకటి గుర్తుపెట్టుకో. ట్యూబ్ పెదవి దగ్గర ఎన్ని సెంటీమీటర్లలో ఉందో డ్యూటీ మారే ప్రతిసారీ (హ్యాండోవర్‌లో) ఇద్దరూ కలిసి చూసి రాయండి. సాచురేషన్ హఠాత్తుగా పడితే అలారం ఆపే బటన్ వెతక్కు, ట్యూబ్ జారిందా, మూసుకుపోయిందా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా, మిషన్‌లో తేడానా అని ఆ వరసలో చూడు, అంతలో మిషన్ విప్పేసి బ్యాగ్‌తో ఊపిరి ఇస్తూ ఉండు.

కాలాన్ని బట్టి కేసులు మారతాయి. వానలయ్యాక డెంగీ, చలికాలంలో ఏడాదిలోపు పిల్లలకి ఆయాసం, పల్లెల నుంచి తేలుకాట్లు, పాముకాట్లు. తేలు కుట్టిన పిల్ల చెమటలు పట్టి, కాళ్ళు చేతులు చల్లబడి వస్తే నొప్పి ఒక్కటే అనుకోకు, గుండె, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, ప్రాజోసిన్ మందు ఎంత తొందరగా పడితే అంత మంచిది. కిరోసిన్ తాగిన పిల్లకి ఎవరైనా వాంతి చేయించబోతే ఆపు.

పిల్లలు చనిపోతారు. ఇది చెప్పకుండా ఒప్పుకోమనడం నాకు ఇష్టం లేదు. అప్పుడు నువ్వు చేయగలిగింది చాలా ఉంది. డాక్టర్ చెప్పాక, పోలీసు కేసు కాకపోతే, ట్యూబులు, సూదులు నెమ్మదిగా తీసి, ప్లాస్టర్ మరకలు తడిగుడ్డతో తుడిచి, తల దువ్వి, కవర్లో దాచిన మొలతాడు కట్టి, తల్లి ఒళ్ళో పెట్టు. బెడ్డు ఖాళీ చేయాలని ఎవరు తొందరపెట్టినా కర్టెన్ లాగి పది నిమిషాలు అడ్డంగా నిలబడు. నువ్వు ఏడ్చినా తప్పు లేదు. ఆ రోజు డ్యూటీ దిగాక ఒంటరిగా రూముకి వెళ్ళకు, ఆ షిఫ్ట్‌లో ఉన్నవాళ్ళతో కలిసి టీ తాగి, ఏం జరిగిందో ఒకసారి మాట్లాడుకోండి. నేను చాలా ఉదయాలు నైట్ డ్యూటీ దిగి ఆర్కే బీచ్ గట్టు మీద ఒక సిస్టర్‌తో కూర్చుని మాట్లాడుకున్నాకే ఇంటికి వెళ్ళాను, వెళ్ళాక నిద్ర పట్టింది.

చేరేముందు ఇన్‌చార్జి సిస్టర్‌ని రెండు అడుగు. వెంటిలేటర్ మీదున్న పిల్లకి ఒక సిస్టర్ విడిగా ఉంటారా, నాకు మొదటి నెలంతా సీనియర్ పక్కనే డ్యూటీ వేస్తారా అని. రెండిటికీ కాదంటే అప్పుడు వేరే హాస్పిటల్ చూసుకో, ఆ తప్పు నీది కాదు. పాల్స్, అంటే ప్రాణం మీదికొచ్చిన పిల్లల్ని కాపాడే ట్రైనింగ్, మొదటి ఏడాదిలోనే చేసెయ్. ఇంకా చదవాలనుకుంటే ముందు పోస్ట్ బేసిక్ బీఎస్సీ, ఆ తర్వాత చైల్డ్ హెల్త్‌లో ఎమ్మెస్సీ ఉంది, క్రిటికల్ కేర్‌లో రెండేళ్ళ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు కూడా ఉంది, అవి తర్వాత మాట్లాడుకుందాం.

వీలైతే మొదటి రెండు వారాలు రికవరీలో వేయమను, ఐసీయూలో కంటే అక్కడ రోజుకి ఎక్కువమంది పిల్లల పాదాలు ముట్టుకుంటావు. జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకో. మొదటిరోజు నీకు ఏ బెడ్డు ఇచ్చారో, ఆ పిల్ల బరువెంతో, ఏ మందు ఎంత రాశారో, పిల్ల పేరు లేకుండా నాకు పంపు. నువ్వు వేసిన లెక్క కూడా రాయి, కలిసి చూద్దాం.